గట్టు మీద గొడుగు

నలుగురి ముందు నేను చేసిన మొట్టమొదటి ప్రార్థన కళ్ళు తెరుచుకుని చేశాను. కిటికీలోంచి కనిపిస్తున్న ఒక నల్ల గొడుగుని చూస్తూ చేశాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు, స్నేహితురాళ్ళకి చెప్పలేదు. కూరలో ఉప్పు ఎక్కువైన సంగతి కూడా రాసుకునే నా డైరీలో సైతం ఆ రోజు "ప్రార్థన చేశాను. బాగానే జరిగింది" అని రాసి పేజీ తిప్పేశాను.

మొన్న ఆదివారం భవానీపురంలో మా స్త్రీల ప్రార్థన కూటం జరిగింది. మాకు సొంత గది అంటూ లేదు. ఒక టైలరు గారి మేడ మీద, కుట్టుమిషన్లు గోడవారకి జరిపి చాపలు పరుచుకుంటాం. లేచేటప్పుడు అందరి చీరలకీ దారప్పోగులు అంటుకుని ఉంటాయి. కొత్తగా వస్తున్న ఒక అమ్మాయి ఉంది, నర్సు ట్రైనింగు చదువుతోంది. ఆ పిల్లని చివరి ప్రార్థన చెయ్యమన్నాను. ఓణీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అలాగే కూచుంది. చివరికి నేనే చేసేశాను. కూటం అయ్యాక మెట్ల మీద నన్నాపి, "మీకెప్పుడూ భయం వెయ్యలేదా అక్కా? మీరైతే గడగడా మాట్లాడేస్తారు!" అంది. నన్ను గడగడా మాట్లాడే మనిషి అన్నది ఈ భూమ్మీద ఆ పిల్ల ఒక్కతే. నవ్వొచ్చింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మాత్రం నవ్వు పోయి తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన గొడుగు గుర్తొచ్చింది.

నేనెంత పిరికిదాన్నో తెలియాలంటే బస్సు సంగతి చెప్పాలి. విజయవాడ నుంచి బందరు వైపు పోయే ఎర్రబస్సెక్కితే అమ్మమ్మ వాళ్ళ ఊరి మలుపు కాలవగట్టు మీదే వస్తుంది. అక్కడ స్టాపు లేదు. "ఆపండి" అని కండక్టరుకి గట్టిగా చెప్పాలి. ఆ "ఆపండి" నా గొంతు దాటి బయటికి వచ్చేది కాదు. ఎవరైనా దిగేవాళ్ళుంటే సరేసరి, లేకపోతే బస్సు నన్ను తరవాతి ఊరికి తీసుకుపోయేది. సంచీ పట్టుకుని కాలవ వెంబడే వెనక్కి నడిచొచ్చేదాన్ని. అమ్మమ్మ నన్నెప్పుడూ ఏమీ అనలేదు. నేను వెనక్కి నడిచొచ్చే టైము కూడా లెక్కేసుకుని అన్నం పొయ్యి మీద పెట్టేది.

ఇప్పటికి ఆరేడేళ్ళయింది. డిగ్రీ పరీక్షలు రాసి, టీచర్ ట్రైనింగులో సీటు కోసం ఎదురు చూస్తూ, అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులంటే తోడుగా ఉందామని ఆ ఊరెళ్ళాను. గవర్నర్‌పేటలో అద్దెకి తెచ్చుకున్న నవలలు పాటల పుస్తకం కింద దాచి తీసుకెళ్ళాను. పాటల పుస్తకం అంత ఎత్తుగా ఎందుకుందో తాతయ్య ఒక్కసారైనా అడగలేదు. తొలకరి నుంచి కోతలదాకా ఒక పంటకాలమంతా అక్కడే ఉన్నాను. నా చదువులన్నిట్లోకీ నాకు బాగా ఒంటబట్టిన చదువు అదే.

తాతయ్య అంటే మా అమ్మకి నాన్న. ఆ ఊరి గుడికి ఉపదేశి. మా వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. పట్నం నుంచి పాస్టరు గారు నెలకొకసారి సంస్కారం, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడానికి వచ్చేవారు. తక్కిన ఆదివారాలూ, ఊళ్ళో జ్వరాలూ, పెళ్ళిమాటలూ, తగాదాలూ అన్నీ తాతయ్యవే. వారంలో ఆరు రోజులు మాత్రం ఆయన కౌలురైతు. కాలవ చివర్న శివారు చేను. పైవాళ్ళందరికీ సరిపోయాక మిగిలిన నీళ్ళు వచ్చే చేను. గుడి మెట్టెక్కేముందు బోదెకాలవలో కాళ్ళు ఎంత రుద్ది కడుక్కున్నా గోళ్ళల్లో నల్లమట్టి ఉండనే ఉండేది. ఆయన మాటలకీ ఆ మట్టి అంటుకునే ఉండేది. ఎవరైనా ఒకరి తప్పుల గురించి గట్టిగా మాట్లాడితే, "కలుపు నిలబడి తియ్యలేమమ్మా, వంగాల్సిందే" అనేవాడు. అంతకుమించి బోధించేవాడు కాదు.

ఆ గుడిలో అన్నీ తాతయ్యే. వేపకొమ్మకి వేలాడదీసిన రైలుపట్టా ముక్కే మాకు గంట. అది కొట్టేదీ ఆయనే, చాపలు దులిపేదీ ఆయనే, పాట ఎత్తుకునేదీ ఆయనే. ఆఖరికి ఆమేన్ కూడా అందరికంటే ముందు ఆయనే గట్టిగా అంటే, అయిపోయిందన్నమాట అని జనం కళ్ళు తెరిచేవాళ్ళు. గేదె ఈనలేకపోయినా ఆయనకే కబురు. "మీరున్నారు గదండీ, మాకేం" అని అందరూ అదొక పొగడ్తలా అనేవాళ్ళు. ఆయన కూడా అది పొగడ్తే అనుకునేవాడేమో, పాస్టరు గారు ఒక కబురు తెచ్చేదాకా.

నాట్లు పూర్తయిన కొత్తల్లో సంస్కారం ఆదివారం మా ఇంట్లో పాస్టరు గారికి భోజనం. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, "ఉపదేశి గారూ, ఈ క్రిస్మస్‌తో మీ సర్వీసు అయిపోతుంది. మీ తరవాత ఇక్కడికి ఇంకొకర్ని వెయ్యలేమంటున్నారండీ. ఈ గుడి మూసి, కాలవ అవతలి ఊరి గుడిలో కలిపేస్తారంట. వీళ్ళంతట వీళ్ళు నడుపుకోగలిగితే తప్ప" అన్నారు. ఆ మాట చెప్పలేక ఆయన పొద్దున్నుంచీ ఎంత అవస్థపడ్డారో మొహం చూస్తే తెలుస్తోంది. తాతయ్య ఆయన విస్తరి వైపు చూపించి, "ముందు ఆ ముక్క తినండయ్యా. కోడి మీకోసమే పోయింది" అన్నాడు.

అవతలి ఊరికి వెళ్ళాలంటే కాలవ మీద తాటిదుంగల వంతెన దాటాలి. వయసు పిల్లలే దాని మీద దేవుణ్ణి తలుచుకుంటూ నడుస్తారు. ముసలివాళ్ళకి గుడి మూసెయ్యడమంటే ఆదివారాన్ని మూసెయ్యడమే. మరుసటి ఆదివారం తాతయ్య ఈ సంగతంతా జనానికి చెప్పి, "మరి మీలో ఎవరు నడుపుతారు?" అని అడిగాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మగవాళ్ళు చాపలోంచి ఈనెలు పీకారు. నాట్ల ముఠా మేస్త్రి, నేను మావయ్య అని పిలిచేదాన్ని, అందరి తరఫునా లేచి, "మీరు లేకపోతే మేమెక్కడండీ!" అన్నాడు. తాతయ్య నవ్వలేదు.

ఆ వారమే ఆయన చేలో నీళ్ళు తీసేశాడు. పచ్చగా, పిలకలు వేస్తున్న చేను. గట్టు తెంచి నీళ్ళన్నీ మురుగుబోదెలోకి వదిలేస్తుంటే, కూడు తీసుకెళ్ళిన అమ్మమ్మ గిన్నె కింద పెట్టేసి గొంతెత్తింది. "మీకేమన్నా మతిపోయిందా? పైచేలవాళ్ళు ఆరగట్టారంటే అర్థముంది, వాళ్ళు తలుచుకుంటే నీళ్ళొస్తాయి. శివారు చేనుకి ఆరగట్టడమేవిటండీ? మళ్ళీ నీళ్ళు రాకపోతే ఏం తింటాం, మీ ప్రసంగాలా?"

"అవి తిని బతకాల్సొస్తే నువ్వెప్పుడో బక్కచిక్కేదానివి" అన్నాడు తాతయ్య. అమ్మమ్మ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. తరవాత నాకు చెప్పాడు. కాళ్ళ కింద ఎప్పుడూ నీళ్ళున్న మొక్కకి వేళ్ళు పైపైనే తిరుగుతాయట. చూడ్డానికి పచ్చగా ఉంటుంది, కంకి బరువెక్కి ఒక్క గాలి కొడితే పడిపోతుంది. కొన్నాళ్ళు ఎండగడితే వేళ్ళు తడి వెతుక్కుంటూ కిందికి దిగుతాయి. "కానీ ఎండగట్టి ఇంటికి పోయి పడుకోకూడదమ్మాయ్. గట్టు మీదే ఉండాలి. వెంట్రుకవాసి నెర్రె కనపడగానే నీళ్ళు పెట్టెయ్యాలి. వేలు దూరేంత నెర్రె పడిందా, వేళ్ళు తెగిపోతాయి." అందుకని రోజూ పొద్దున్నే గొడుగు వేసుకుని గట్టు మీద కూచునేవాడు. ఆ గొడుక్కి ఒకపక్క అమ్మమ్మ పాత జాకెట్టు గుడ్డతో వేసిన ఎర్రమాసిక ఉండేది. మైలు దూరాన్నుంచి చూసినా ఉపదేశి గారి గొడుగని తెలిసిపోయేది.

ఆ ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, "అవతలి ఊళ్ళో పనుంది, కూటం కానివ్వండి" అని చెప్పి గొడుగు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. గంట కొట్టేవాళ్ళు లేరు. గంట కొట్టలేదు గనక ఎవరూ రాలేదు. ఎవరూ రాలేదు గనక గంట ఎందుకని కొట్టలేదు. పొద్దెక్కాక ఒక్కొక్కరే తొంగిచూసి, మొత్తానికి చాపలు పరిచారు. మేస్త్రి మావయ్య పాట ఎత్తుకున్నాడు. ఎంత పైన ఎత్తుకున్నాడంటే రెండో చరణానికి అందరి గొంతులూ చచ్చిపోయి, ఆయనొక్కడే కొండకొమ్మున చిక్కుకున్నవాడిలా మిగిలాడు. పాట మధ్యలో ఆగి, "దేవుడికి తెలుసులే మన సంగతి" అని కూచున్నాడు. జనం నవ్వారుగానీ బయటికొచ్చాక సణుక్కున్నారు. "సర్వీసు అవకముందే ఉపదేశి గారు సెలవు పుచ్చుకున్నారు." ఆ మాట నాకూ గుచ్చుకుంది. తరవాతి ఆదివారం కూడా ఆయనకి అవతలి ఊళ్ళో పని పడింది. ఆ తరవాతా పడింది.

కానీ మెల్లిగా ఏదో కదిలింది. పొలంలో వంగి నాట్లు వేస్తూ రోజంతా కలిసి పాడే ఆడవాళ్ళకి గుడిలో పాడ్డం ఏమంత కష్టం? ముఠాలో ఒకావిడ ఎత్తుకుంటే తక్కినవాళ్ళు అందుకున్నారు. మేస్త్రి మావయ్య పాట మానేసి గంట పట్టాడు. ఆయన కొట్టే కొట్టుడుకి వేపచెట్టు మీది కాకులు కూడా ఆదివారాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాయి. బైబిల్లో వాక్యం చదవడానికి నన్ను నిలబెట్టారు. చదవడం కాబట్టి సరిపోయింది, పుస్తకం అడ్డం పెట్టుకోవచ్చు.

మధ్యలో ఒక పొరపాటు జరిగింది, అది తాతయ్యదే. కాలవరేవు పక్కన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఊరందరికీ రేవు మామ్మ. ఆవిడకి జ్వరం వచ్చి తాతయ్యని రమ్మని కబురంపింది. వెంటనే పరిగెత్తే మనిషి, ఈసారి కావాలనే ఆగాడు. "ఆడవాళ్ళు వెళ్ళి ప్రార్థన చేస్తార్లే, చెయ్యనీ" అన్నాడు. ఆడవాళ్ళు మాత్రం ఉపదేశి గారు వెళ్ళే ఉంటారనుకున్నారు. ఎవరూ వెళ్ళలేదు. గంజి కాచిచ్చే దిక్కులేక మామ్మ ఆ జ్వరంలో ఒక్కతే పడుంది. సంగతి తెలిసి తాతయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాడు. వెనకాల గంజిగిన్నెతో నేను. మామ్మ గోడవైపు తిరిగి పడుకునే అంది, "నేనేం నీ వరిమొక్కనేంటయ్యా ఉపదేశీ, నన్నెండగట్టి చూస్తన్నావు? కాటికి పోయేదాన్ని, నాకింక వేళ్ళు దిగేదేవుంది!"

తాతయ్య గడప దగ్గర నేల మీద కూలబడ్డాడు. "తప్పయిపోయింది మామ్మా. మడికీ మనిషికీ తేడా మర్చిపోయాను" అన్నాడు. మామ్మ తిరగలేదు. ఆయన లేవలేదు. ఎండ గడప దాటి లోపలికొచ్చేదాకా అలాగే కూచున్నాడు. చివరికి మామ్మే, "ఎంతసేపు కూచుంటావు, నడుం పట్టుద్ది, ఆ గంజిటియ్యి" అంది. వంగి కలుపు తియ్యడమంటే ఏమిటో నాకు ఆ గడప దగ్గర తెలిసింది. ఆ రోజు ఆయన పీక్కున్నది తన కలుపే. మర్నాటి నుంచి ముఠా ఆడవాళ్ళు వంతులు వేసుకుని మామ్మ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు. సిగ్గేసి మొదలుపెట్టారు, అలవాటై కొనసాగించారు.

ఈలోగా చేలో వెంట్రుకవాసి నెర్రె వచ్చింది. నీళ్ళు పెడదామని తాతయ్య బోదె దగ్గరికి వెళితే బోదెలో నీళ్ళు లేవు. పైన ఎక్కడో గండిపడి పూడుస్తున్నారనీ, తూము ఎత్తడానికి ఇంకా టైం పడుతుందనీ కాలవనీళ్ళు చూసే లస్కరు చెప్పాడు. చేను పొట్టకొచ్చే వేళ. అమ్మమ్మ ఎసట్లో పోసే బియ్యం తగ్గించింది, అది తిట్టడం కంటే భయంగా ఉంది. శివారువాళ్ళందరిదీ అదే గతి. చేలో మెరకగా ఉండే ఒక మూల, వేలు దూరేంత నెర్రెలు పడి పసుపెక్కింది. ఆ ఆదివారం గుడి నిండిపోయింది. ముఠావాళ్ళ చేతుల మీద ఆనుకుని రేవు మామ్మ కూడా వచ్చింది. తాతయ్య మాత్రం యథాప్రకారం గొడుగు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. అంత కష్టంలో కూడా వెళ్ళిపోయాడే అని నాకు ఏడుపొచ్చింది.

పాటలయ్యాయి. నీళ్ళ కోసం ప్రార్థన చెయ్యాలి. మేస్త్రి మావయ్య అటూ ఇటూ చూసి, "అమ్మాయ్, ఎంతకాలం ఆ పుస్తకం చాటున దాక్కుంటావు? నువ్వు చెయ్యి" అన్నాడు. అందరూ కళ్ళు మూసేసుకున్నారు. నేను లేచి నిలబడి, "ప్రభువా" అన్నాను. అంతే, తరవాతి మాట రాలేదు. బస్సులో "ఆపండి" ఎక్కడ ఆగిపోయేదో అక్కడే ఇదీ ఆగిపోయింది. గుడిలో ఎవరో దగ్గారు. ఒక పసిపిల్ల గాజులు గలగలమన్నాయి. చాప మీంచి రేవు మామ్మ గొంతు వినపడింది. "ఊఁ, కానియ్యి తల్లీ. దేవుడికేం బస్సు దాటిపోదు."

నేను కళ్ళు తెరిచాను. కిటికీలోంచి గుడివెనక కాలవగట్టు, గట్టు మీద తుమ్మచెట్టు, చెట్టు మొదట్లో ఒక గొడుగు, దానికి ఎర్రమాసిక. అవతలి ఊరూ లేదు, అక్కడ పనీ లేదు. ఇన్ని ఆదివారాలూ ఆయన అక్కడే కూచుని మా పాటలు విన్నాడు. మేస్త్రి మావయ్య గొంతు చిక్కుకుపోయిన రోజున కూడా విన్నాడు. లేచి రాకుండా ఉండడానికి ఎంత బిగబట్టుకున్నాడో! చేను ఆరగట్టిన రైతు ఎక్కడుండాలో ఆయన అక్కడే ఉన్నాడు. నాకు మాట వచ్చింది. ఏమన్నానో వరసగా గుర్తులేదు. నీళ్ళు అడిగాను. తూము దగ్గరివాళ్ళని దీవించమన్నాను. మా చేలో పసుపెక్కిన మూలని చూడమన్నాను. గట్టు మీద కూచున్నవాళ్ళ ఓపికకి కృతజ్ఞతలు చెప్పాను. జనం అది లస్కరు గురించి అనుకుని గట్టిగా ఆమేన్ అన్నారు.

తాతయ్య ఆలస్యంగా, చుట్టుతిరిగి ఇంటికొచ్చాడు. "ఎలా జరిగిందమ్మా?" అని అడిగాడు. నేను మొదటినుంచీ చెప్పాను. ఆయన మొదటిసారి వింటున్నట్టే విన్నాడు, అక్కడక్కడా ఆశ్చర్యపోయాడు కూడా. ఇద్దరం చక్కగా నటించాం. ఆ వారంలోనే నీళ్ళొచ్చాయి. ప్రార్థనకి వచ్చాయా, లస్కరు తూము ఎత్తితే వచ్చాయా అని అమ్మమ్మని అడిగితే, "లస్కరు చేత ఎత్తించిందెవరే?" అని నన్నే ఎదురడిగింది.

కోతలయ్యాక గుడిలో కోతల పండుగ. తలా ఒక వరిపన, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి పీఠం ముందు పెడతారు. పాస్టరు గారు వచ్చారు. గంట మేస్త్రి మావయ్యది, పాటలు ముఠావాళ్ళవి, వాక్యం నాది. తాతయ్య వెనక వరసలో ముసలివాళ్ళతో చాప మీద కూచున్నాడు. పాట మొదలయ్యేముందు అలవాటుకొద్దీ గొంతు సవరించుకోబోయి ఆపుకోవడం ఒకసారి చూశాను. ఆ ఒక్కసారే ఆయన మీద జాలేసింది. మా చేను నిలబడి పండింది, ఆ మెరక మూల తప్ప. తాతయ్య మంచి పనతో పాటు ఆ మూల కోసిన తాలుగింజల పన కూడా తెచ్చి పీఠం దగ్గర పెట్టాడు. రేవు మామ్మ దాన్ని పట్టి చూసి, "ఇది నేనా అయ్యా?" అంది. "కాదు మామ్మా, నేను" అన్నాడు తాతయ్య. పాస్టరు గారు వెళ్ళేటప్పుడు రైలుపట్టా గంటని వేలితో తాకి, "దీన్ని ఇక్కణ్ణించి ఎవరూ దించక్కర్లేదని చెప్తానండీ" అన్నారు. అది ఇవాళ్టికీ అదే కొమ్మకుంది.

నాకు సీటొచ్చింది. మరుసటేడు నారుమళ్ళు దున్నే రోజుల్లో తాతయ్య పోయాడు. నేను చేరేసరికి అంతా అయిపోయింది. పాట ముఠావాళ్ళే ఎత్తుకున్నారట, ఎక్కడా తప్పలేదట. కాలమూ రైతులాంటిదే అనిపిస్తుంది నాకు. మనం ఆనుకున్న మనిషిని తీసేస్తుంది, వేళ్ళు కిందికి దిగేదాకా ఊరుకుంటుంది. వచ్చే ఆదివారం ఆ నర్సు పిల్లనే మళ్ళీ ప్రార్థన చెయ్యమంటాను. నేను టైలరు గారి మేడమెట్ల మీద, వినపడేంత దూరంలో కూచుంటాను. తాతయ్యని నేను ఆఖరిసారి చూసింది ఊరి మలుపు దగ్గర, నన్ను బస్సెక్కిస్తున్నప్పుడు. కండక్టరు విజిలేశాక ఆయన గొడుగు ముడిచి, కిటికీ చువ్వలు పట్టుకుని, ఇన్నాళ్ళూ దాచుకున్న నవ్వుతో అన్నాడు: "ఈసారి ప్రార్థన చేసేటప్పుడు కళ్ళు మూసుకో అమ్మాయ్. గట్టు మీద ఎవరన్నా ఉన్నారా అని చూడక్కర్లేదు. ఉంటారు."